పళ్ళతో విన్నది

శనివారం ఏ షిఫ్టు దిగీసరికి రెండున్నర.
చొక్కాలోంచి జనపనార దులుపుకుంటూనే
రాజ్‌దూత్ సీటుకి చాపచుట్ట కట్టేను.
టెంటు లేదు నాకు.
నాలుగు గోనెలు కలిపి కుట్టిన పట్టా,
పైన చిరుగు టార్పాలిను, అంతే.
"ఈ వయసున ఏటి నీకీ ఊరేగింపు" అంది మా ఇంటిది.
అన్నట్టుంది. కుడిచెవి వైపు నిలబడి అంది మరి.

ఇరవై రెండేళ్ళు మగ్గాల మధ్య తిరిగిన చెవి అది.
మోత దాన్ని ఒక్కసారే మింగలేదు,
ఎలక బస్తాని కొరికినట్టు
అంచులనించి మొదలెట్టింది.
ముందు పిట్టలు పోయాయి. తర్వాత కుక్కరు కూత.
ఆ తర్వాత పక్కింటి గుంట "మావా" అనే పిలుపు.
ఎడమది ఉంది గాని, అదీ అరువు సరుకే.

బండి మాత్రం బాగా వినిపిస్తుంది.
మోకాళ్ళ లోపలివైపు వినిపిస్తుంది.
సుభద్రాపురం దాటి హైవే ఎక్కితే
టాప్ గేరు తొడల్లో తిరుగుతూ చెబుతుంది,
ఇంక చాలు, ఇంతే నేను, లారీలని పోనీ అని.
నరసన్నపేట దగ్గర కుర్రాళ్ళ గుంపొకటి దాటిపోయింది,
ఒక్కొక్కడి హెల్మెట్ మీదా కెమెరా.
నా నీలంపొగ వాళ్ళ వీడియోలో పడే ఉంటుంది.
టెక్కలిలో టీ.
పలాసలో కాల్చిన జీడిపిక్కల వాసన
అద్దం కిందనించి దూరి
కొర్లాం దాకా నాతోనే వచ్చింది.

బారువ చేరేసరికి చీకటి.
సరుగుడు తోటలో నూట ఇరవై బళ్ళు,
రాయగడవి, బరంపురంవి, విశాఖవి.
పేర్లు రాసుకునే దాలినాయుడు
"ఏ ఊరినించి?" అని మూడుసార్లు అడిగేడట.
మూడుసార్లూ నేను "రాజ్‌దూతండి" అన్నానట.

మంట చుట్టూ కథలు నడుస్తున్నాయి.
అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వుతున్నాను,
ఒక్క రెప్పపాటు ఆలస్యంగా.

గుణుపురంనించి ఒక్కతే వచ్చిన సుకాంతి
తన బుల్లెట్ పక్కన గొంతుక్కూచుంది.
చుట్టూ ఆరుగురు, ఆరు సలహాలు.
చైనన్నాడొకడు, కార్బురేటరన్నాడొకడు,
ఫోన్లో వెతుకుతున్నాడింకొకడు.
నేను స్క్రూడ్రైవరు అడిగేను.
మొన ఇంజను తలకి ఆనించి
పిడిని పళ్ళమధ్య కరిచిపట్టుకున్నాను.

దవడలోంచి, చెంప ఎముకలోంచి, పుర్రె వెనక్కి
వచ్చింది లోపలి సంసారమంతా.
పిస్టను ఎగశ్వాస. ఆయిలు గుటకలు.
వాటి మధ్య చిన్న టిక్కు,
వదులు గాజు నీళ్ళబిందెకి తగిలినట్టు.
టేపెట్టు. సైలెన్సరు వైపుది.
ఇంజను చల్లారేదాకా మంటదగ్గర కూచుని
తర్వాత కాగితం మందం బిగించేను.
సుకాంతి ఏదో అంది. ఒడియాలోనో తెలుగులోనో.
నాకు రెండూ ఒకటే కదా.
మళ్ళీ స్టార్టుచేసి, ట్యాంకుమీద అరచెయ్యి పెట్టి చూసి
తలాడించింది. అది అర్థమైంది.

రాత్రి గోనెపట్టా మీద నిద్ర పట్టలేదు.
యాభై అడుగుల్లో సముద్రం.
గట్టిగా అరుస్తుందంటారు,
నాకు పోయి పదేళ్ళయింది.
బోర్లా తిరిగి దవడ ఇసకకి ఆనించి
పళ్ళు బిగించేను. సిగ్గేసింది కొంచెం.
ఎవరైనా చూస్తే తాగేడనుకుంటారు.

వచ్చింది.
కెరటం విరిగిన దెబ్బ, తడి ఇసకలోంచి,
సరుగుడు వేళ్ళు దాటుకుని, ఆలస్యంగా,
నా నవ్వులాగే ఆలస్యంగా.
మగ్గంలాంటిదే గాని
గజాల లెక్క లేదు, షిఫ్టు దిగదు.
తెల్లారేదాకా అలాగే పడుకున్నాను.
నోట్లో ఇసక.

పొద్దున్న బహుమతులు. ముసలి బండి నాదేనట.
పేరు పిలిచినా కదలకపోతే
వెనకనించి ఎవరో తోసేరు.
స్టీలు గ్లాసు ఇచ్చేరు, మీద బండి బొమ్మ,
నా బండి కాదు.

సోమవారం సైరను.
జనం కాళ్ళు కదిలితే నాకు తెలుస్తుంది అది మోగిందని.
మూడో నంబరు మగ్గం చట్రానికి
స్క్రూడ్రైవరు ఆనించి పళ్ళతో విన్నాను.
బేరింగు పోయింది, పూర్తిగా.
సూపర్వైజరుకి చెప్పేను.
ఏదో అన్నాడు, వెళ్ళిపోతూ.

బుధవారం మధ్యాన్నం అది ఆగిపోయింది.
ఆ మేరకి కాస్త నిశ్శబ్దం,
అరికాళ్ళకి తెలిసింది.